దీపం వద్దకు వచ్చిన పురుగు పేరేమి?

2018 వేసవి చివరి రోజులలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్న చేలలో ఒక గొంగళి పురుగు విపరీతంగా కనిపించినది. ఆకుల సుడిలో దాగి, లేత ఆకును కొరికి, రంపపు పొట్టు వంటి విసర్జనతో సుడిని నింపివేయుట దాని లక్షణం. లద్దె పురుగులు మన రైతులకు కొత్త కావు. కాని అక్కడి వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయపు కీటక శాస్త్రజ్ఞులు ఆ పురుగులను సేకరించి, పెంచి, రెక్కలు వచ్చిన తరువాత పరీక్షించి చూడగా అది మన దేశపు పురుగు కాదని తేలినది. అది స్పోడాప్టెరా ఫ్రుజిపెర్డా అనే అమెరికా ఖండపు జాతి. 2016లో ఆఫ్రికాలో దాని ఉనికి బయటపడినది. భారతదేశంలో అంతకు ముందు ఎవరును దానిని నమోదు చేసి ఉండలేదు. ఆ సంవత్సరం ముగియకముందే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలకును, బంగ్లాదేశ్, శ్రీలంకలకును వ్యాపించినది. 2019లో నేపాల్ చేరినది. తెలుగు రైతులు నేడు దానిని కత్తెర పురుగు అంటున్నారు.

ఈ ఉదంతంలో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఆ పురుగుకు శాస్త్రీయ నామం పెట్టి అప్పటికి రెండు శతాబ్దాలు దాటినవి. 1797లోనే అమెరికాలోని జార్జియా పురుగులను గూర్చిన గ్రంథంలో దాని వర్ణన అచ్చయినది. దాని జీవితచక్రం, అది తినే పైర్లు, దాని సహజ శత్రువులు, వీటన్నిటి గూర్చి అమెరికాలో విస్తారమైన సాహిత్యం సిద్ధముగా ఉన్నది. శివమొగ్గ చేలలోని పురుగు పేరు తేలిన క్షణాన ఆ సాహిత్యమంతయు మన శాస్త్రజ్ఞులకు అక్కరకు వచ్చినది. పేరు తప్పుగా నిర్ణయించి ఉంటే, మన పాత లద్దె పురుగుకు చేసే వైద్యమే దీనికిని చేసి కాలము, ధనము వృథా చేసుకొనేవారము. పురుగు పేరు తెలిసికొనుట కేవలం పండితుల వినోదం కాదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఒక చిన్న పట్టణపు కళాశాల విద్యార్థికి, వసతి గృహపు గోడపై దీపం పక్కన వాలిన రెక్కల పురుగు పేరు కావలెనన్న, అతడు ఏ గ్రంథం తెరవవలెను? ఈ ప్రశ్నకు సమాధానం తోచినంత సులభం కాదు.

మాటలతో మొదటి చిక్కు

అసలు ఆ పురుగును తెలుగులో ఏమనవలెను? సీతాకోకచిలుక అన్న అందరికిని తెలియును. దాని రాత్రి బంధువుకు అట్టి స్థిరమైన పేరు లేదు. నిఘంటువులు చిమ్మట అంటున్నవి. కాని జనవ్యవహారంలో చిమ్మట అన్న బట్టలు కొరికే పురుగు గుర్తుకు వచ్చును, కొన్నిచోట్ల రాత్రి కీచుమని అరిచే పురుగును కూడ అదే పేరుతో పిలుతురు. సంస్కృతం నుండి వచ్చిన శలభం అనే మాట దీపంలో పడే పురుగుకును, మిడతకును కూడ చెల్లును. వ్యవసాయ శాఖవారి కరపత్రాలలో రెక్కల పురుగు అని వ్రాయుట పరిపాటి. ఈ వ్యాసంలోను ఆ మాటనే వాడుట జరిగినది.

ఈ కొరతకు కారణం లేకపోలేదు. రైతుకు నష్టం చేయునది గొంగళి పురుగే గాని రెక్కల పురుగు కాదు. కావున మన భాషలో గొంగళి దశకు సొంపైన పేర్లు అనేకం పుట్టినవి: మొగి పురుగు, లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, ఎర్ర గొంగళి పురుగు, గులాబి రంగు కాయతొలుచు పురుగు. రెక్కలు వచ్చి ఎగిరిపోయిన తరువాత దానికి పేరు పెట్టవలసిన అగత్యం ఎవరికిని కలుగలేదు. గ్రంథాల పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అవి చాల వరకు రెక్కల దశనే వర్ణించును. గొంగళి దశను గూర్చి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టును, లేదా ఊరకుండును. విద్యార్థి ఈ రెండింటికి నడుమ వంతెన తానే కట్టుకొనవలసి ఉంటుంది. గొంగళిని అది తినే ఆకుతో సహా తెచ్చి, గాలి ఆడే డబ్బాలో పెంచి, ప్యూపా నుండి రెక్కల పురుగు వెలువడు వరకు వేచియుండుట ఆ వంతెన. శివమొగ్గలో జరిగినది కూడ ఇదియే.

సంఖ్య మరొక చిక్కు. భారతదేశంలో సీతాకోకచిలుకల జాతులు 1,300 నుండి 1,400 వరకు ఉన్నవి. రెక్కల పురుగుల జాతులు పదివేలకు పైబడినవి. సీతాకోకచిలుకలన్నిటిని ఒక చేతి పుస్తకంలో ఇమిడ్చవచ్చును. రెక్కల పురుగులను అట్లు ఇమిడ్చిన పుస్తకం నేటి వరకు రాలేదు, వచ్చు సూచన కూడ లేదు. అట్టి ఒకే పుస్తకం కొరకు వెదకుచు కూర్చున్న విద్యార్థి నిరాశ చెందును. పలు గ్రంథాలను ఒక క్రమంలో సంప్రదించుట నేర్చుకొనుటయే దారి.

నీలగిరుల తోటమాలి

ఆ క్రమంలో మొదట నిలుచు గ్రంథం నూట ముప్పై ఏండ్ల నాటిది. జార్జ్ ఫ్రాన్సిస్ హాంప్సన్ అనే ఆంగ్లేయుడు నీలగిరి కొండలలో తేయాకు తోటలు నడుపుచు, రాత్రివేళ దీపాలకు వచ్చే పురుగులను సేకరించినాడు. ఇంగ్లండు తిరిగివెళ్ళి బ్రిటిష్ మ్యూజియంలో కృషి సాగించి, 1891లో నీలగిరి పురుగులపై ఒక సంపుటాన్ని, 1892 నుండి 1896 వరకు ‘బ్రిటిష్ ఇండియా జంతుజాలం’ అనే ప్రభుత్వ గ్రంథమాలలో రెక్కల పురుగులపై నాలుగు సంపుటాలను వెలువరించినాడు. నేటి భారతదేశము, పాకిస్తాను, బంగ్లాదేశము, మియన్మారు, శ్రీలంక, ఇవన్నియు ఆ గ్రంథపు పరిధిలోనివే. అయిదువేలకు పైగా జాతుల వర్ణనలు అందులో కలవు. ఇన్నేండ్ల తరువాత కూడ మొత్తం ఉపఖండానికి దానికి సాటివచ్చు మరొక సమగ్ర గ్రంథం లేదనుట హాంప్సన్ శ్రమకు గౌరవమే గాని, తరువాతి వారికి అంత గౌరవం కాదు.

ఈ సంపుటాలను తెరచిన విద్యార్థి మొదట బెదరును. రంగుల పటాలు లేవు. నల్లని గీతల బొమ్మలు మాత్రం అక్కడక్కడ ఉన్నవి, అవియు ప్రతి జాతికి లేవు. వర్ణనలు సంక్షిప్తాలతో నిండిన పొడి వాక్యాలు. జాతుల సమూహాలను విడదీయు సూచికలు రెక్కల ఈనెల అమరికపై ఆధారపడి ఉన్నవి. రెక్కపై పొలుసులు కప్పియుండుటచే ఈనెలు పైకి కనిపించవు. రెక్కకు ఒక చుక్క ఆల్కహాలు అంటించిన క్షణకాలం పొలుసులు పారదర్శకమై ఈనెలు తేలును, ఆరిన వెంటనే మరల మాయమగును. ఈనెలకు అంకెలు వేసి, ఏ ఈనె ఏ చోట నుండి చీలినదో చూచుకొనుచు సూచికలో అడుగడుగునా ముందుకు పోవలెను. రెండు మూడు సాయంకాలాలు ఓపికతో కూర్చున్నచో ఈ విద్య పట్టుబడును. ఒకసారి పట్టుబడిన తరువాత, రంగుల బొమ్మల పుస్తకం ఇవ్వలేని నమ్మకం అది ఇచ్చును.

హాంప్సన్ గ్రంథానికి హద్దులు కూడ ఉన్నవి. అతి చిన్న రెక్కల పురుగుల కుటుంబాలు అనేకం అందులో చేరలేదు. పత్తి రైతును నేటికిని బాధించే గులాబి రంగు కాయతొలుచు పురుగు అట్టి చిన్న పురుగులలోనిది; భారతదేశం నుండి వెళ్ళిన నమూనాల ఆధారంగానే 1840 దశకంలో దానికి పేరు పెట్టినప్పటికిని, ఈ నాలుగు సంపుటాలలో దానిని వెదకి లాభం లేదు. ఆ చిన్న పురుగుల భారం ఎక్కువగా వహించినవాడు ఎడ్వర్డ్ మేరిక్. వృత్తిరీత్యా ఇంగ్లండులో బడిపంతులు. 1912 నుండి 1937 వరకు తానే వెలువరించిన ఒక పత్రికలో వేల సంఖ్యలో జాతులను వర్ణించినాడు. బిహారులోని పూసా నుండి బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ పంపిన నమూనాలు వాటిలో ఎన్నో కలవు. మేరిక్ రచనలో బొమ్మలు లేవు. ప్రవేశ విద్యార్థి దాని జోలికి పోకుండుట మేలు.

నాలుగు సంపుటాలకు చాలకాలం తరువాత, 1937లో అయిదవ సంపుటం వచ్చినది. వేగముగా ఎగిరే పెద్ద గద్ద పురుగుల కుటుంబం ఒక్కటే దాని విషయం. బెల్, స్కాట్ అనే ఇరువురు దానిని రచించినారు. బెల్ ఉత్తర కన్నడ జిల్లాలో అటవీ అధికారి. కార్వారులో స్థిరపడి, గొంగళి పురుగులను స్వయంగా పెంచి చూచినవాడు. అందుచే ఈ సంపుటంలో గొంగళి, ప్యూపా దశలు, అవి తినే మొక్కలు వివరముగా దొరకును. హాంప్సన్ గ్రంథంలో లేని ప్రాణం ఇందులో ఉన్నది.

ఇక్కడ సింహళ సోదరుల ప్రసక్తి తేకుండ ఉండలేము. 1880–87 నడుమ ఫ్రెడరిక్ మూర్ ‘సిలోను లెపిడాప్టెరా’ అనే మూడు సంపుటాలు ప్రచురించినాడు. వాటిలోని రంగుల పటాలకు మూలచిత్రాలు గీచినవారు పేరాదెనియ వృక్షోద్యానపు చిత్రకారుడు హార్మానిస్ ద అల్విస్ కుమారులు. గొంగళి, ప్యూపా, రెక్కల పురుగు, అది తినే కొమ్మ, అన్నిటిని సజీవంగా చూచి గీచిన చిత్రాలవి. దక్షిణ భారతపు పురుగులు, శ్రీలంక పురుగులు చాల వరకు ఒకటే అగుటచే, మన విద్యార్థికి హాంప్సన్ మాటలతో పాటు ఈ బొమ్మలు పక్కన ఉండుట గొప్ప సహాయం. గ్రంథకర్త పేరే లోకానికి తెలిసినది. బొమ్మలు గీచిన సోదరుల పేర్లు తెలిసినవారు తక్కువ.

పేర్లు మారిన కథ

పాత గ్రంథం తెరచి పేరు కనుగొన్నంత మాత్రాన పని ముగియదు. ఆ పేరు నేడు చెల్లుబడి కాకపోవచ్చును.

వరి మొగి పురుగునే చూడుడు. ఆడ పురుగు పసుపు వన్నెది, ముందు రెక్కలపై ఒక్కొక్క నల్లని చుక్క ఉండును. మగ పురుగు మాసిన రంగుది, చుక్క స్ఫుటంగా ఉండదు. 1863లో వాకర్ అనే ఆయన ఒకే సంవత్సరంలో ఈ పురుగుకు ఒకటికి మించిన పేర్లు పెట్టినాడు. పాత గ్రంథాలు షీనోబియస్ బైపంక్టిఫర్ అన్నవి, అనగా రెండు చుక్కలు ధరించినది. తరువాత కొంతకాలం ట్రైపోరైజా ఇన్‌సర్ట్యులాస్ అన్నారు. నేడు స్కిర్పోఫాగా ఇన్‌సర్ట్యులాస్ అంటున్నారు. మూడు పేర్లు మూడు తరాల పాఠ్యగ్రంథాలలో ఉన్నవి. వీటిని మూడు పురుగులనుకొన్న విద్యార్థి ఒక్కడు కాదు. అట్లే శనగపచ్చ పురుగు 1960ల వరకు హీలియోథిస్, ఇప్పుడు హెలికోవర్పా. పొగాకు లద్దె పురుగు ఒకనాడు ప్రొడీనియా, ఇప్పుడు స్పోడాప్టెరా. కుటుంబాల పొందిక కూడ మారినది. గొంగళులకు దట్టమైన వెండ్రుకలుండే ఆర్క్టైడే, లైమాంట్రైడే అనే పాత కుటుంబాలు గత ఇరువది ఏండ్ల పరిశోధనల వలన ఎరెబిడే అనే పెద్ద కుటుంబంలో ఉపకుటుంబాలైనవి.

ఈ మార్పులు విసుగు పుట్టించును, నిజమే. కాని అవి పండితుల చాపల్యం వలన వచ్చినవి కావు. ఒకే జాతికి ఇద్దరు పేర్లు పెట్టిన ముందు పెట్టిన పేరే నిలువవలెననుట నియమం. ఏ పేరు ఏ పురుగుకు చెందినదో తగవు వచ్చినప్పుడు, ఆ పేరు పెట్టిన నాటి మూల నమూనాను పరీక్షింతురు. భారతీయ రెక్కల పురుగుల మూల నమూనాలు అధిక భాగం లండనులోని ప్రకృతి చరిత్ర మ్యూజియం పెట్టెలలో ఉన్నవి. ఇది మన పరిశోధకుల దీర్ఘకాలపు ఇక్కట్టు. ఆ మ్యూజియం తన పాత కార్డు సూచికను ఆధారం చేసికొని రూపొందించిన ప్రపంచ లెపిడాప్టెరా నామసూచిక నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభించును. పాత పేరు వ్రాసి, దాని ప్రస్తుత స్థితిని అందులో తెలిసికొనవచ్చును. అయితే ఇటీవలి మార్పులన్నియు అందులో చేరియుండవు గనుక మరొక ఆధారంతో సరిచూచుట క్షేమం.

మన సంస్థలు, మన గ్రంథాలు

స్వదేశంలో సాగిన కృషి తక్కువది కాదు. 1905లో పూసాలో వ్యవసాయ పరిశోధనాలయం ఏర్పడినది. అక్కడి మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1909లో ‘భారతీయ కీటక జీవనం’ అనే పెద్ద గ్రంథం ప్రచురించినాడు. 1934 బిహారు భూకంపంలో ఆ భవనాలు దెబ్బతినగా, 1936లో సంస్థను ఢిల్లీకి మార్చినారు. అక్కడి కీటక భాండాగారం నేటికిని జాతీయ పూసా సంగ్రహమనే పేరుననే పిలువబడుచున్నది. డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో చెట్ల పురుగుల సంగ్రహం ఉన్నది. 1941లో బీసన్ రచించిన అటవీ కీటకాల గ్రంథం దాని ఫలమే. కలకత్తాలో 1916లో నెలకొన్న భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ రాష్ట్రాల వారీగా జంతుజాల సంపుటాలు వెలువరించుచున్నది. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం రెక్కల పురుగుల వర్గీకరణకు ఒక కేంద్రమైనది. అక్కడి జగ్‌బీర్ సింగ్ కిర్తి, నవనీత్ సింగ్‌తో కలిసి భారతీయ ఆర్క్టైడ్ పురుగులపై రెండు సంపుటాలు ప్రకటించినారు. బొంబాయిలో 1883లో స్థాపితమైన ప్రకృతి చరిత్ర సంఘపు పత్రిక పాత సంచికలు స్వయంగా ఒక గ్రంథాలయం వంటివి.

తెలుగు ప్రాంతపు విద్యార్థికి మరి రెండు పాత గ్రంథాలు దగ్గరివి. ఫ్లెచర్ 1914లో మద్రాసు ప్రభుత్వం పక్షాన ప్రచురించిన దక్షిణ భారత కీటకాల గ్రంథం ఒకటి. టి. వి. రామకృష్ణ అయ్యర్ 1940లో రచించిన దక్షిణ భారత ఆర్థిక కీటకశాస్త్ర కరదీపిక రెండవది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివే గనుక అక్కడి వరి, వేరుశనగ, చెరకు పైర్ల పురుగులు వీటిలో చేరినవి. చేలో దొరికిన పురుగుకు హాంప్సన్ కంటె ముందు వీటిని చూచుట తెలివైన పని. పైరు పేరు తెలిసిన సగం దారి నడచినట్లే. ఆ పైరును తినే జాతులు ఏ పదియో, ఇరువదియో ఉండును గాని పదివేలు ఉండవు.

కొత్త పుస్తకాలలో, దేశవ్యాప్తంగా తరచు కనిపించే జాతులను రంగుల ఛాయాచిత్రాలతో పరిచయం చేయునది వి. శుభలక్ష్మి రచించిన భారతీయ రెక్కల పురుగుల క్షేత్ర దర్శిని. 2018లో వచ్చినది. గ్రంథాలయానికి ఒక్క పుస్తకం కొనుటకే సొమ్మున్న ఇదియే కొనవలెను. అయితే పదివేల జాతులలో కొన్ని వందలు మాత్రమే ఇట్టి పుస్తకంలో ఇమిడి ఉండును. దొరికిన పురుగు అందులోని బొమ్మకు “సుమారుగా” సరిపోవుట, దాని పేరు తేలుట ఒకటి కావు.

విదేశీ పుస్తకాల విషయమై ఒక హెచ్చరిక అవసరం. పూర్వం అనేక కళాశాలలకు కానుకలుగా వచ్చిన ఐరోపా పురుగుల సచిత్ర గ్రంథాలు బీరువాలలో అందముగా మెరయుచుండును. వీపుపై కపాలం వంటి గుర్తు గల గద్ద పురుగును పట్టుకొన్న విద్యార్థి ఆ పుస్తకం తిరగవేసి, బొమ్మ అచ్చముగా సరిపోయినదని సంతోషించి, అకెరాంషియా అట్రొపాస్ అని వ్రాసికొనును. కాని అట్రొపాస్ ఆఫ్రికా, ఐరోపాల పురుగు. మన దేశంలో దానికి జ్ఞాతులు రెండు: స్టిక్స్, లాకెసిస్. నువ్వు చేలలో గొంగళిగా పెరుగునది, తేనెపట్టులోకి చొరబడి తేనె దొంగిలించునది, పట్టుకొన్న కీచుమని అరచునది స్టిక్స్. లాకెసిస్ మరింత పెద్దది, నల్లనిది. దాని వెనుక రెక్కల మొదట నల్లని మచ్చ ఉండును, స్టిక్స్‌లో ఆ చోటు పసుపుగానే ఉండును. ఈ రెంటినీ బెల్, స్కాట్‌ల సంపుటం స్పష్టముగా విడదీయుచున్నది. పుస్తకం ఎంత అందమైనదను విచారణకు ముందు, అది ఏ దేశపు పురుగులను గూర్చినదని విచారింపవలెను. తూర్పు ఆసియా గ్రంథాలు ఇందుకు కొంత మినహాయింపు. హాలోవే రచించిన ‘బోర్నియో రెక్కల పురుగులు’ అనే బహుసంపుట గ్రంథంలోని జాతులు అనేకం ఈశాన్య భారతంలోను, పడమటి కనుమలలోను ఉన్నవి. అదియు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరకును.

తెరమీది గ్రంథాలయం

ఒకనాడు హాంప్సన్ సంపుటాలు చూడవలెనన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పోయి, అనుమతి పొంది, చేతితో వ్రాసికొనవలసి వచ్చేది. నేడు జీవవైవిధ్య వారసత్వ గ్రంథాలయం, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే రెండు ఉచిత భాండాగారాలలో ఆ సంపుటాలును, మూర్ రంగుల పటాలును, లెఫ్రాయ్, ఫ్లెచర్‌ల రచనలును పుటపుటా లభించుచున్నవి. కంప్యూటరు ఒక్కటి ఉన్న ఉన్నత పాఠశాలకు, కలకత్తా గ్రంథాలయానికి గల సంపదలో కొంత భాగం దక్కినట్లే.

ఛాయాచిత్రాల కొరకు రెండు మూడు చోట్లు ప్రధానమైనవి. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞుల ప్రోద్బలంతో నడచుచున్న ‘మాత్స్ ఆఫ్ ఇండియా’లో ప్రతి చిత్రానికి స్థలము, తేదీ ఉండును, పేరును నిపుణులు పరిశీలింతురు. 2008లో ఆరంభమైన భారత జీవవైవిధ్య పోర్టల్‌లోను, అమెరికాలో పుట్టి ప్రపంచమంతట వ్యాపించిన ఐనాచురలిస్ట్‌లోను ఎవరైనను తాము తీసిన చిత్రం చేర్చి పేరు అడుగవచ్చును. పైర్ల పురుగులకు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ సిద్ధపరచిన పుటలు నమ్మదగినవి.

ఐనాచురలిస్ట్‌లో చిత్రం చేర్చిన క్షణంలో యంత్రమే ఒక పేరు సూచించును. ఇది వరమే, కాని ఇందులోనే మోసం కూడ ఉన్నది. యంత్రం ఎక్కువ చిత్రాలు చూచిన జాతి వైపే మొగ్గును. ఐరోపా, అమెరికాల చిత్రాలు లక్షలుగాను, మన గ్రామాల చిత్రాలు కొద్దిగాను ఉన్నచోట ఆ మొగ్గు ఎటు ఉండునో ఊహింపవచ్చును. ఒక సూచనను చూచి ఒకరు, ఆ ఒకరిని చూచి మరొకరు తల ఊపగా తప్పు పేరు స్థిరపడుట కూడ జరుగును. పైగా కొన్ని పురుగులను ఏ చిత్రమును విడదీయలేదు. కత్తెర పురుగు మగదానికి ముందు రెక్క కొనన తెల్లని మచ్చ ఉండును గనుక కొంత మేలు. ఆడది కేవలం బూడిద గోధుమ వన్నె పురుగు, దాని సోదర జాతులతో కలిసిపోవును. గొంగళి దశలో మాత్రం దాని తలపై తలక్రిందులైన ఇంగ్లీషు ‘వై’ అక్షరం వంటి తెల్లని గీత, తోక వైపు ఎనిమిదవ ఖండంపై చతురస్రముగా నాలుగు నల్లని చుక్కలు ఉండును. రెక్కల పురుగులలో సందేహం తీరవలెనన్న పొట్ట చివరి జననాంగాలను సూక్ష్మదర్శిని క్రింద విప్పి చూడవలెను, లేదా జన్యుపదార్థాన్ని పరీక్షింపవలెను. ఈ రెండును ప్రయోగశాల పనులు.

కావున విద్యార్థి తన చేతనైన పనిని సక్రమంగా చేయవలెను. చిత్రం ఒకటి కాదు, మూడు తీయవలెను: వాలిన భంగిమలో పైనుండి ఒకటి, పక్క నుండి ఒకటి, వీలైన వెనుక రెక్క కనిపించునట్లు ఒకటి. పక్కన కొలబద్ద పెట్టవలెను. చిత్రంలో బారెడు పురుగును బెత్తెడు పురుగును ఒకటే. మీసాలు దువ్వెన వలె ఉన్నవా, దారం వలె ఉన్నవా చూడవలెను. తేదీ, గ్రామం, దీపపు రకం, చుట్టుపక్కల పైరు లేక చెట్లు వ్రాసికొనవలెను. తెల్లని దుప్పటి ఒకటి తాడుపై ఆరవేసి ముందు దీపం పెట్టిన చాలు, తొలకరి వానల తరువాత చీకటి రాత్రులలో వచ్చు పురుగులకు లెక్క ఉండదు. చాల భాగం చిత్రం తీసి వదలివేయదగినవే. రక్షిత అడవులలో అటవీ శాఖ అనుమతి లేకుండ పురుగులను పట్టరాదు. కొన్ని జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కూడ కలదు.

పేరు వెదకునపుడు జాతి వద్ద మొదలుపెట్టరాదు, కుటుంబం వద్ద మొదలుపెట్టవలెను. క్షేత్ర దర్శినిలో కుటుంబం, ‘మాత్స్ ఆఫ్ ఇండియా’ చిత్రాలలో దగ్గరి జాతులు, హాంప్సన్ వర్ణనతో సరిపోలిక, నామసూచికలో నేటి పేరు: ఇంతవరకు కళాశాల గ్రంథాలయంలోనే పూర్తి చేయవచ్చును. అప్పటికిని తేలకున్న కుటుంబం పేరో, ప్రజాతి పేరో మాత్రం వ్రాసి ఆగుటలో చిన్నతనం లేదు. జాతీయ సంగ్రహాలలో కూడ ప్రజాతి పేరు మాత్రమే గల చీటీలు తక్కువ కావు.

గ్రంథాలయాధికారి చేయదగిన పని కూడ ఒకటి ఉన్నది. పాత సంపుటాల ప్రతులను కంప్యూటరులో దాచి, వాటి జాబితాను బీరువా తలుపుపై అంటించి, పక్కనే ఒక దళసరి నోటు పుస్తకం ఉంచవలెను. తేదీ, దొరికిన చోటు, చూచిన విద్యార్థి, పెట్టిన పేరు, ఏ గ్రంథం ఆధారం, తరువాత ఎవరైన ఆ పేరు సవరించిన ఆ సవరణ, ఈ ఆరు గళ్ళు చాలును. చివరి గడి మిగిలిన వాటికంటె వెడల్పుగా గీయవలెను.